వేలు కదిలే దాకా

వదినగారికి నమస్కారాలు.

ఫోనులో నోరు పెగలక, ఈ ఉత్తరం ఆయన స్నేహితుడి చేత పంపుతున్నాను.

తలకు దెబ్బ తగిలాక మీ తమ్ముడికి చూపుడువేలు ఒక్కటే కదిలేది. నేను ఊరుకోలేక "నీళ్లా? నొప్పా? దుప్పటా?" అని అడుగుతూనే ఉండేదాన్ని. ఆయన విసిగి కళ్లు మూసుకునేవారు.

అప్పుడు ఆయన తన కంప్యూటరు పని గురించి చెప్పింది గుర్తొచ్చింది. "ఏమైనా ఉందా, ఏమైనా ఉందా అని తలుపులన్నీ తట్టే ప్రోగ్రాము తనూ పడుకోదు, ఊరినీ పడుకోనివ్వదు. చెప్పే మాట ఉన్నవాళ్లే లేపుతారు, అప్పటిదాకా పడుకోవే మొద్దూ అని దానికి నేర్పుతున్నా. పంపడమూ అంతే. అవతలివాడి చేయి ఖాళీ అయ్యాకే అందించాలి."

ఆనాటి నుంచి ఆయన వేలి కింద అరచేయి పెట్టి, నోరు మూసుకుని కూర్చున్నాను. ఏదైనా కావాలంటే ఆయనే నొక్కేవారు. అప్పుడే అడిగేదాన్ని.

ఆదివారం నుంచి వేలు కదలలేదు. ఇక ఎదురుచూసి లాభం లేదని, రేపు ఊపిరి మిషను తీసేద్దామని డాక్టరుగారు అన్నారు. ఎదురు చెప్పడం నాకు చేతకాలేదు. మీరు వచ్చి ఇంకొన్నాళ్లు ఆగమని అడగండి వదినా.

నాకు నెల తప్పింది. సోమవారం తెలిసింది. వేలు నొక్కగానే చెబుదామని ఆగాను. ఆయనకంటే ముందు మీకు చెప్పాల్సి వచ్చింది.

అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకండి. ఎడమచేత్తో రాస్తున్నాను. కుడిచేయి ఆయన దగ్గరే ఉంది.

మీ మరదలు