తెగిన వెదురు వంతెన

మకస్సార్ రేవులో మూటలు మోస్తున్న నా లాడిస్‌కి థెక్లా ప్రేమతో రాసేది.

మేమంతా కులాసా. మీ నడుంనొప్పి తగ్గిందని తలుస్తాను.

మీరడిగినవి ముందు చెబుతాను. ఇంటి రేకులు మార్పించాం. నల్ల పంది ఈనింది. ఎర్నాకి పాలపళ్లు ఊడుతున్నాయి, నవ్వితే అచ్చం మామయ్యే. ఈసారి కొండదారికి జనం బాగానే వచ్చారు. వెదురు వంతెన దాటి, నాచుపట్టిన చెట్ల మధ్యగా పైన సరస్సు దాకా నడిచి, మబ్బుల సందుల్లోంచి దీవులన్నీ చూసి దిగొస్తారు. మన ఇంట్లో మొక్కజొన్న అటుకులు తిని మెచ్చుకుని పోతారు. వాళ్లను నడిపించే మీ పెద్దనాన్న కొడుకు గోరిస్‌కి కాళ్లు నేల మీద ఆనడం లేదు.

కానీ మన నిప్పుకొండ తీరు బాగాలేదండీ. రోజూ వాన పడుతున్నా దారి పక్క పచ్చికంతా మాడిపోయింది. మలుపు దగ్గరి ఊటలో చెయ్యి పెడితే చురుక్కుమంది. కోతులు జీడితోటల్లోకి దిగి, ఎంత తరిమినా పైకి పోవడం లేదు. ఈ మాట చెబితే గోరిస్ పడీపడీ నవ్వాడు.

"వేడినీళ్లా? మరీ మంచిది వదినా! స్నానాలు కూడా చేయిద్దాం."

"వేళాకోళం కాదు గోరిస్. పైన ఎవరికైనా ఏమైనా అయితే?"

"కొండ ఆవులిస్తే నువ్వు మంచం కింద దూరతావా? శనివారం పెద్ద గుంపు వస్తోంది. వాళ్ల ముందు ఈ కూతలు కూయకు, నీకు దణ్ణం పెడతా."

ఇక మీ దగ్గర దాచలేను. ఆ గుంపు రావాల్సిన ముందురోజు పొద్దున్నే కత్తి పట్టుకుపోయి వంతెన తాళ్లు నేనే నరికాను. అది లోయలో పడిన చప్పుడు అణగకముందే అవతలి గట్టు మీద ఎవరో దగ్గారు. చూస్తే మామయ్య! నాలాగే ఆయనకీ అనుమానం వచ్చి, ఎవరికీ చెప్పకుండా కొండను చూడ్డానికి పోయారట.

"ఏమ్మా కోడలా, నన్ను ఇక్కడే ఉంచేద్దామనా?" అని కేకేశారు.

"మీరున్నారని తెలీదు మామయ్యా! ఇప్పుడెలా వస్తారు?"

"పాత వాగుదారి ఉందిగా. ఏడుపాపి, కత్తి దాచి ఇంటికి పో."

చీకటి పడే వేళకి వచ్చారు. వాగుదారి నేల వేడికి చెప్పులు కరిగి అరికాళ్లకు అంటుకుపోయాయి. నీళ్ల తొట్టిలో కాళ్లుంచుకుని చూసినదంతా చెప్పారు. సరస్సు ఎర్రబడిందట, ఒడ్డునంతా చచ్చిన పక్షులేనట. "చరియ విరిగి వంతెన పోయిందని నేను చెప్తా. నువ్వు నోరు మెదపకు" అన్నారు చివరికి.

మర్నాడు గుంపు తిట్టుకుంటూ వెనక్కి పోయింది. ఊరు మామయ్య మాట నమ్మింది. గోరిస్ మాత్రం తాళ్ల కొసలు పట్టి చూశాడు.

"చరియ ఇంత నున్నగా కోస్తుందా బాబాయ్?"

అప్పటినుంచి గోరిస్ నా మొహం చూడకుండా కొత్త వంతెనకు వెదుళ్లు నరికిస్తున్నాడు. మామయ్యేమో కాళ్లకు కట్లతో వెళ్లి దారికి అడ్డంగా కూర్చున్నారు. అన్నం అక్కడికే పట్టుకెళుతున్నాను. ఆయన పక్కన కూర్చుంటే కింద ఏదో బరువైనది ఈడ్చుకుపోతున్నట్టు నేల సన్నగా వణుకుతోంది. "వినిపించిందా?" అంటారు. అవునంటాను. ఇద్దరం అన్నం వంక చూస్తూ ఉండిపోతాం.

"పడవెక్కుదాం రండి" అని బతిమాలాను. "నేను లేస్తే వీళ్లు పైకెళ్తారు" అంటున్నారు. ఆయన్ని ఆ కాళ్లతో వదిలి నేనెలా రాను?

అందుకే ఎర్నాని ఉర్సులా వదినతో పంపిస్తున్నాను. ఈ ఉత్తరం మీ చేతికిచ్చేది అదే. నాన్నను చూసొస్తానని ఊరంతా చెప్పుకుని మురిసిపోతోంది. దానికి ఇంకేమీ తెలియదు. దాని ముందు ఈ కాగితం చదవకండి. నా కోసం మీరు ఇటు రావద్దు.

ఇట్లు,
మీ ఎర్నా తల్లి,
థెక్లా