నా బల్ల దగ్గరికి చిన్న ఆడపడుచును పంపవద్దు

ఇరవై రెండేళ్ల నేను, మీ రెండో కోడలిని, ఒంట్లో బాగుండి, మతి స్థిమితంగా ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా స్వయంగా రాసుకున్న వీలునామా ఇది. అయిదో తరగతి దాకానే చదివాను. తప్పులుంటే మామయ్యగారు సర్దుకుని చదవాలి. దీన్ని అమలు చేయవలసిందీ ఆయనే.

1. ముందు ఒక అబద్ధం ఒప్పుకుంటున్నాను. సైనికుల బట్టలు కుడుతున్నానని ఉత్తరాల్లో రాశాను. కాదు. ఇక్కడి కార్ఖానాలో బల్ల ముందు కూర్చుని ఫిరంగి గుండ్లలో పేలుడు మందు నింపుతున్నాను. నా చేతులు పచ్చబడింది బట్టల రంగుతో కాదు, ఆ మందుతో.

2. లోపలికి ఇనుము వస్తే నిప్పు పుడుతుందని గేటు దగ్గర మా జడలు విప్పి వెతుకుతారు. మొన్న మంగళవారం ఒకామె జడలో పిన్ను మిగిలిపోయింది. రెండో షెడ్డు లేదు. తొమ్మిది మంది లేరు. నాకు పని నేర్పిన బొద్దక్క వాళ్లలో ఉంది.

3. మనిషి పోతే ఆ పని ఇంట్లోవాళ్లకే ఇవ్వడం ఇక్కడి పద్ధతి. చేరిన రోజు గుమస్తా నీ తర్వాత ఎవరని అడిగితే, ఎందుకని అడగడానికి సిగ్గేసి చిన్న ఆడపడుచు పేరు చెప్పేశాను. నేను బయల్దేరేటప్పుడు, "వదినా, పట్నం సుఖమంతా నువ్వొక్కదానివే పడతావా, నన్నూ తీసుకుపో" అని అది నా చెయ్యి వదల్లేదు మరి. గుమస్తాకు చెప్పిన ఆ మాట రద్దు చేస్తున్నాను. పిలుపు వచ్చినా, అది ఏడ్చినా పంపవద్దు.

4. నా కుట్టుమిషను దానికే. కాలు అందడం లేదని వంక పెడితే కింద పీట వేయండి. నేను అబద్ధంగా కుట్టిన బట్టలు అది నిజంగా కుట్టాలి.

5. తోడికోడలికి నా గొడుగు. అడగకుండా ఎప్పుడో తీసుకుంది. ఇకమీదట అడిగి తీసుకున్నట్టే.

6. బొద్దక్క ఇచ్చిన చెక్క దువ్వెన అత్తయ్యకు. నా జడ చిక్కు తీస్తూ ఆవిడ తిట్టిన తిట్లు ఇక్కడ గేటు దగ్గర రోజూ గుర్తొస్తాయి.

7. మావారి నీలం చొక్కా చెప్పకుండా తెచ్చుకున్నాను. కార్ఖానా లోపల వేసుకోవడానికి ఇనుప గుండీలు కోసి తాళ్లు కుట్టాను. అయిదు గుండీలూ నా పెట్టెలో మూటకట్టి ఉన్నాయి. యుద్ధం నుంచి తిరిగి వచ్చాక ఆ చొక్కా వారికివ్వండి.

8. చిన్న ఆడపడుచు పేరు కొట్టేయమని ఈ ఉదయం గుమస్తాను అడిగాను. ఊరికే కొట్టేయడం కుదరదు, ఇంకో పేరు చెప్పమన్నాడు. మా ఇంట్లో ఇంకెవరూ లేరన్నాను. గట్టిగానే అన్నాను. మిమ్మల్ని అడిగితే మీరూ అదే చెప్పండి.

యుద్ధం మూడో ఏడు, జూలై పద్నాలుగు.

సంతకం: మీ రెండో కోడలు

సాక్షులు:
గేటు దగ్గర మా జడలు వెతికే ఆవిడ.
బొద్దక్క చెల్లెలు, నిన్న అక్క బదులు పనిలో చేరింది.