సామాను కాపలా

ప్రియమైన చంటీ,

నువ్వు అబద్ధాలకోరువి. మామూలు అబద్ధాలకోరువి కూడా కాదు, అచ్చేసే అబద్ధాలకోరువి. నోటి అబద్ధం గాలికి పోతుంది. నీది గట్టి అట్ట, నున్నటి కాగితం, రంగు బొమ్మలతో నలభై కాపీలై చుట్టాలందరి ఇళ్లకూ చేరింది. ఫోన్ చేసి తిడదామనుకున్నాను గానీ, నేను గొంతు పెంచగానే నీకు సిగ్నల్ పోతుంది కదా. అందుకే ఉత్తరం. దీనికి సిగ్నల్ పోదు.

'మా అయిదు విదేశయాత్రలు' అట. ముప్పై ఒకటో పేజీ తియ్యి. సరస్సు ఊరు, మొదటి రోజు. "అందరం గడియార స్తంభం ఎక్కాం. నాలుగు వందల పన్నెండు మెట్లు. పైనుంచి చూస్తే ఎర్ర పెంకుల ఊరు, దాని చివర ఇస్త్రీ చేసినట్టు సరస్సు" అని రాశావు. బాగా రాశావు, కాదనను. చదువుతుంటే నా పిక్కలు మళ్లీ పట్టేశాయి. నీ కూతురు మూడు వందలవ మెట్టు దగ్గర నా భుజమెక్కి "అత్తా, ఇంకా ఎక్కు" అని గుర్రాన్ని తోలినట్టు తోలడం, పైకి చేరగానే గంట మోగి అమ్మ అక్కడికక్కడే చతికిలబడడం, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. పదకొండేళ్లయినా ఆ గాలి చల్లదనం ఇంకా మొహానికి తగులుతోంది.

కానీ 'అందరం' అంటే ఎవరెవరు? నాన్న, అమ్మ, నేను, నువ్వు, మరదలు, నీ కూతురు. ఆరుగురం. ఇంట్లోంచి బయల్దేరింది ఏడుగురం. ఏడో మనిషి కింద మెట్ల పక్కన, ఏడు బ్యాగుల మధ్య కూర్చుంది. అయిదు యాత్రల్లోనూ పిన్ని చూసిన వింత ఒక్కటే: మన సామాను.

ఎందుకు కూర్చుందో కూడా నీకు తెలుసు. నాన్న శాసనం. "గది ఎక్కడికీ పారిపోదు, పొద్దు పారిపోతుంది" అని బండి దిగగానే నేరుగా చూసే చోటికి నడిపించేవాడు. ఆఖరి రోజూ అంతే, గది ఖాళీ చేసి సామానుతో సహా ఊరి మీద పడడమే. స్టేషన్లో లాకరు పెడదామంటే, తాళం వాళ్లదైనప్పుడు పెట్టె మనదెలా అవుతుందని వాదన. డ్రిల్లు మాష్టారుగా రిటైరైనా ఈల రిటైరు కాలేదు. ఒక ఈలకి నిలబడాలి, రెండు ఈలలకి నడవాలి, మూడు ఈలలకి తలలు లెక్కపెట్టుకోవాలి. ఆ లెక్కలో పిన్ని తల ఏనాడైనా ఉందా?

నేనైతే ఊరుకోలేదు. అదే ఊళ్లో ఆఖరి రోజు మీరంతా పడవెక్కితే నేను పడవ మానుకుని పిన్ని పక్కన కూర్చున్నాను. మూడు గంటలు. ఇంటి చాకిరీకి లెక్కాపత్రం ఎందుకుండదో, ఆడదాని ఓపికని ఈ లోకం ఎలా వాడుకుంటుందో విడమరిచి చెప్పాను. పిన్ని వీధి చివరికి చూస్తూ వింది. ఒక దశలో పాపం కళ్లలో నీళ్లు తిరిగాయి. నా జీవితంలో ఇచ్చిన ఉపన్యాసాల్లో అంత లోతుగా దిగిన ఉపన్యాసం ఇంకోటి లేదు.

ఇప్పుడు మళ్లీ అదే ఊరికి బయల్దేరదీస్తున్నావు. సంతోషం. పుస్తకంతో పాటు వచ్చిన నీ ఉత్తరం చూసిన దగ్గర్నుంచీ వార్డులో మందుల ట్రాలీ తోస్తూ కూడా కూనిరాగం తీస్తున్నాను. కానీ ఈసారి లాకర్లు పెట్టాలి, పిన్ని అందరికంటే ముందు ఆ మెట్లెక్కాలి. లేకపోతే నేను రాను.

నీ
అక్క

* * *

ప్రియమైన గొడవక్కా,

నీ ఉత్తరం ప్రెస్సుకి వచ్చింది. మిషన్ ఆపి చదివాను. నర్సుల సంఘం కార్యదర్శిని అక్కగా ఇచ్చిన దేవుణ్ణి ఏమనాలో తెలియక మళ్లీ మిషన్ నడిపాను.

'పెళ్లికి ఊరంతా వచ్చింది' అంటాం. ఊళ్లో గేదెలు కూడా వచ్చాయా అని ఎవరైనా అడుగుతారా? నా 'అందరం' కూడా అలాంటిదే. అయినా ఒప్పుకుంటున్నాను, తప్పు తప్పే. పిన్ని ఈ ఇంట్లోనే ఉంటుంది, వెనక గదిలో కుట్టుమిషన్ చప్పుడు వినకుండా నాకు తెల్లారదు. నేను వేసుకునే చొక్కా ప్రతిదీ ఆవిడ కుట్టిందే. ఎన్ని ఉతుకులకీ కాలర్ వంగదు, ప్రెస్సుకి వచ్చేవాళ్లు ఎక్కడ కుట్టించావని అడుగుతారు. అలాంటి మనిషిని పుస్తకంలో ఒక్క ఫొటో కింద తప్ప ఎక్కడా రాయలేదు. అదీ ముప్పై ఒకటో పేజీయే. స్తంభం పైనుంచి జూమ్ పెట్టి తీసిన బొమ్మ, కింద 'పిన్ని, సామానుతో'.

అందుకని ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ప్రకటించేశాను. లాకర్లు ముందే మాట్లాడేశాం, ఈసారి పిన్ని మనతోనే నడుస్తుంది, మొదటి మెట్టు ఆవిడదే అని. నీ మరదలు చప్పట్లు కొట్టింది. అమ్మ చెల్లెలి వీపు తట్టింది. నాన్న కూడా గొణిగి గొణిగి, సరే వరసలో రెండో స్థానం ఇస్తానన్నాడు.

పిన్ని మాత్రం గరిటె గిన్నెలో వదిలేసింది. "నాకు మోకాళ్లు నొప్పిరా చంటీ. మీరెళ్లి రండి" అని లోపలికి వెళ్లిపోయింది. తర్వాత చూస్తే, రెన్యూ చేయించడానికి నింపి పెట్టిన పాస్‌పోర్టు కాగితాలు కుట్టుమిషన్ సొరుగులో బట్ట ముక్కల కింద ఉన్నాయి. నిన్నటి దాకా వాటిని రోజుకోసారి తీసి చూసుకున్న మనిషి. ఈ నెలాఖరులోగా ట్రావెల్స్ వాళ్లకి పేర్లివ్వాలి. ఆవిడ పేరు లేకుండా ఇవ్వాలంటే నాకు చెయ్యి రావట్లేదు. నువ్వేమైనా నూరిపోశావా?

నీ
చంటి

* * *

ప్రియమైన చంటీ,

నేను నూరిపోయలేదు. మీరు నూరేశారు.

మోకాళ్లా? రోజుకి ఎనిమిది గంటలు మిషన్ తొక్కే మోకాళ్లా? ఇరవై ఆరేళ్లుగా నర్సుని, సాకుకీ నొప్పికీ తేడా నాకు చెప్పక్కర్లేదు. మనిషిని ఏళ్ల తరబడి మూల కూర్చోబెడితే చివరికి ఆ మూలే ఇల్లనిపిస్తుంది. ఇప్పుడు లేచి రమ్మంటే కాళ్లు రావు. ఇది మోకాళ్ల జబ్బు కాదు, మన జబ్బు. నాన్న అంటించాడు, నువ్వు అచ్చేశావు, నేను తీరిగ్గా పదకొండేళ్ల తర్వాత అరుస్తున్నాను.

పిన్ని రాకపోతే ఈ ప్రయాణమే వద్దు. కాదు, ఉండాలి, పిన్ని వచ్చి తీరాలి. ఆ ఊరి మంచినీళ్ల కొళాయి దగ్గర పావురాలు, కొండమీదికి తాళ్ల మీద ఊగుతూ పోయే పెట్టె, అందులో నాన్న కళ్లు మూసుకుని ఈల పట్టుకున్న తీరు, ఇవన్నీ ఆవిడ చూడకుండా మనం రెండోసారి చూస్తామా? సిగ్గుండాలి.

ఒక పని చెయ్యి. పుస్తకంలోని ఫొటోలన్నీ ముందేసుకుని వెతుకు. పిన్ని ఏదైనా ఒక ఎత్తు మీద నిలబడి, ఏదైనా ఒక వింతని చూస్తున్న ఫొటో ఒక్కటి చూపించు. చూపిస్తే సంఘం పదవికి రాజీనామా ఇస్తాను. దొరకదు. దొరకనప్పుడు తప్పొప్పుల పట్టిక అచ్చేసి నలభై ఇళ్లకీ పంపు. ఆ తర్వాత వెళ్లి పిన్నిని అడుగు. భోజనాల దగ్గర, అందరి ముందూ కాదు. ఒక్కడివే వెళ్లి, కూర్చుని, ఎందుకు రావని అడుగు.

నీ
అక్క

* * *

ప్రియమైన అక్కా,

కుర్చీలో గట్టిగా కూర్చుని చదువు.

నువ్వన్నట్టే ఫొటోలు ముందేసుకున్నాను. ముప్పై ఒకటో పేజీ దగ్గర, అచ్చులో చుక్కలు సరిగా పడ్డాయో లేదో చూసే భూతద్దం పెట్టాను. అలవాటు కొద్దీ బ్యాగులు లెక్కపెట్టాను. పదకొండు.

మనవి ఏడే కదా. పిన్ని కుట్టిన నీలం తొడుగులు, పసుపు గుండీలు. ఏడూ కనిపిస్తున్నాయి. వాటి పక్కన వేరే బ్యాగులు నాలుగు. మధ్యలో కూర్చున్న మనిషిని చూశాను. నెత్తిన గడ్డి టోపీ. పిన్ని జన్మలో టోపీ పెట్టలేదు. ఇంకా దగ్గరగా చూశాను. అక్కా, ఆవిడ పిన్ని కాదు. ఎవరో ముక్కూ మొహం తెలియని పెద్దావిడ. నేను ఆ పేజీకి మూడుసార్లు ప్రూఫ్ చూశాను. అక్షరాలు చూశాను, కామాలు చూశాను, మనిషిని చూడలేదు. ఎవరో ఆవిణ్ణి మన పిన్నిని చేసి నలభై ఇళ్లకు పంచాను.

పుస్తకం పట్టుకుని వెనక గదిలోకి వెళ్లాను. పిన్ని చొక్కాకి కాజాలు తీస్తోంది. పేజీ చూపించి, ఈవిడెవరు పిన్నీ అని అడిగాను. కళ్లజోడు సర్దుకుని చూసి నవ్వింది.

"ఈవిడా? మా జట్టే. ఇంతకాలానికి కనబడ్డామా నీకు?"

ఇక చెప్పడం మొదలుపెట్టింది. ప్రతి స్తంభం కిందా, ప్రతి కోట గుమ్మం దగ్గరా ఇలాంటి వాళ్లు ఒకరిద్దరు ఉంటారట. ఎవరి కుటుంబం వాళ్లది పైన, ఎవరి సామాను వాళ్లది కింద. మొదటి యాత్రలో ఒకావిడ తన బ్యాగులు చూపించి, చేతి గడియారం మీద వేలు పెట్టి, గంటలో వస్తానని సైగ చేసి వెళ్లిందట. తిరిగొచ్చాక పిన్నిని వెళ్లమని చెయ్యూపిందట. అంతే, దారి తెలిసిపోయింది. అయిదు యాత్రల్లోనూ అదే పద్ధతి. భాష రాకుండా ఎలా అన్నాను.

"భాషెందుకురా? సామాను చూపించి గడియారం చూపిస్తే ఏ దేశం ఆడదానికైనా అర్థమవుతుంది."

ఎక్కడికి వెళ్లేదో తెలుసా? దర్జీ దుకాణాలకి. మనం మెట్లెక్కే వేళకి పిన్ని ఏదో సందులో గుమ్మం దగ్గర నిలబడి కత్తెర ఎలా నడుస్తుందో చూసేది. లోపలికి రమ్మంటే వెళ్లేది, సూది ఇస్తే కుట్టి చూపించేది. నా చొక్కా కాలర్ పట్టుకుని, "ఇది కోట ఊరిది, నువ్వు ఫిరంగి మీద కూర్చుని ఫొటో దిగుతున్నప్పుడు నేర్చుకున్నాను" అంది. నేను రోజూ ఒక దేశాన్ని మెడకి తగిలించుకుని తిరుగుతున్నానక్కా, నాకే తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి. కోప్పడకు. సరస్సు ఊళ్లో మొదటి రోజు ఒక ముసలావిడ కొట్టు దొరికిందట. చొక్కాకి భుజం దగ్గర ఒక్క ముడత లేకుండా చెయ్యి అతికే పద్ధతి ఆవిడది. సగం చూపించి, పొద్దు చాలక, ఆఖరి రోజు పొద్దున రమ్మంది. మధ్యాహ్నానికి కొట్టు మూసేస్తుందట. ఆ పొద్దునే నువ్వు పడవ మానేసి వచ్చి పక్కన కూర్చున్నావు.

"మీ అక్క నా కోసం అంత త్యాగం చేసి వస్తే, ఎలా లేచి పోనురా? అది చెబుతూనే ఉంది. నేను వీధి చివరికి చూస్తూనే ఉన్నాను. ఆవిడ తలుపు వేసేసింది. ఏడుపొచ్చింది. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ సగమే వచ్చు."

మరి ఈసారి ఎందుకు రానంటావు, మళ్లీ అదే ఊరు కదా అన్నాను. సూది కింద పెట్టింది.

"అందుకే కాగితాలు నింపాను. ఇంతలో లాకర్లన్నావు. లాకర్లు పెడితే నేను మీ వరసలో నడవాలి. మీరు వేలు చూపించిన వైపు చూడాలి. ఇంట్లో చేసేది అదేగా. దానికి అంత దూరం ఎందుకు?"

పుస్తకం మూసి నేరుగా ఈ ఉత్తరానికి కూర్చున్నాను. ఏం చెయ్యాలో నువ్వే చెప్పు. నెలాఖరుకి ఆరు రోజులుంది.

నీ
చంటి

* * *

ప్రియమైన చంటీ,

డ్యూటీ గదిలో నిలబడే చదివాను. మొదట నవ్వాను, తర్వాత పక్క నర్సు వచ్చి నా బీపీ చూసింది.

మూడు గంటలు. ఆవిడ స్వేచ్ఛకి అడ్డంగా కూర్చుని మూడు గంటలు స్వేచ్ఛ గురించి మాట్లాడాను. పైగా ఆ కన్నీళ్లని నా ఖాతాలో వేసుకుని పదకొండేళ్లు ఊరేగాను. ఇప్పుడు లాకర్లంటూ వెళ్లి, ఉన్న ఆ ఒక్క కిటికీకి కూడా నా చేత్తోనే మేకులు కొట్టాను. తప్పొప్పుల పట్టికలో మొదటి పేరు నాది వెయ్యి. పెద్ద అక్షరాల్లో.

అయితే నువ్వు అప్పుడే ఊపిరి పీల్చుకోకు. 'చూశావా, పిన్ని హాయిగానే ఉంది, నువ్వే అనవసరంగా గొంతు చించుకున్నావు' అని నాన్న అంటాడు. నాకు తెలుసు. ఆయనకి ఇది చదివి వినిపించు. అయిదు దేశాలు తిప్పాం. ఒక మనిషి తన ఇష్టం వచ్చిన సందులో గంటసేపు నడవడానికి ఏడు బ్యాగులు అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. 'కాసేపు అలా వెళ్లొస్తాను' అనే మాట మనింట్లో ఆవిడ అనలేకపోయింది. అంటే ఈల మోగుతుంది, లేదా నేను మోగుతాను. ఆవిడ దారి ఆవిడ వెతుక్కుంది కాబట్టి మనం మంచివాళ్లం అయిపోము. దొంగచాటుగా బతకడం నేర్పిన ఇల్లు, ఆ నేర్పుని చూసి మురిసిపోకూడదు.

నిన్న పిన్నికి ఫోన్ చేశాను. క్షమించమని అడగబోయి అలవాటు ప్రకారం ఇంకో ఉపన్యాసంలోకి దిగాను. మధ్యలో ఆపింది. "నా తరఫున మాట్లాడేముందు నన్నొకసారి అడగవే" అంది. కోపంగా కాదు, దారం తెంపినట్టు అంది. సంఘంలో ఇన్నేళ్లున్నాను, ఇంత చిన్న మాటతో నా నోరు ఎవరూ మూయించలేదు.

అప్పుడు ఏం కావాలని అడిగాను. చెప్పింది. రాసుకున్నాను. ఆ ముసలావిడ కొట్టు ఇంకా ఉంటుందా అంటే, "ఉంటే తలుపు కొడతాను, లేకపోతే పక్క కొట్టు తలుపు కొడతాను" అంది. గొంతు పద్దెనిమిదేళ్ల పిల్లలా ఉంది. రాత్రంతా నాకు ఆ ఊరే. సెలవు చీటీ పెట్టేశాను. కాగితాలు సొరుగులోంచి బయటికి తీసిందట, వెళ్లి చూడు. కానీ సంతకం పెట్టేది నువ్వు మా డిమాండ్లకి ఒప్పుకున్నాకే.

డిమాండ్లు వేరే కాగితం మీద రాశాను, భోజనాల బల్ల ఎదురుగా గోడకి అంటించు. అందులో అయిదు పిన్నివి, ఆఖరిది నాది.

నీ
గొడవక్క

డిమాండ్లు

1. లాకర్లు రద్దు చెయ్యాలి.

2. ఈల ఇంట్లోనే ఉండాలి. నాన్నకి చెప్పే బాధ్యత చంటిది.

3. మొదటి రోజూ ఆఖరి రోజూ, పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా పిన్ని సొంతం. ఎక్కడికెళ్లావని ఎవరూ అడగకూడదు. చెప్పాలనిపిస్తే తనే చెబుతుంది.

4. ముప్పై ఒకటో పేజీలో బొమ్మ కింద ఇలా ఉండాలి: 'పిన్ని స్నేహితురాలు. పేరు అడగడం కుదరలేదు.'

5. గడియార స్తంభం మీరు ఎక్కండి. పిన్ని ఎక్కదు. మోకాళ్లు నిజంగానే నొప్పి.

6. సామాను దగ్గర నేను కూర్చుంటాను. ఎవరైనా వచ్చి బ్యాగులు చూపించి గడియారం చూపిస్తే, వాళ్లవీ చూస్తాను. ఏమీ మాట్లాడను.