ఫాల్ అంటే పడిపోవుడు కాదు

లక్సెట్టిపేట, మంగళవారం రాత్రి

ఈ రోజు నా నోరు ఊరుకోలేదు. పురుగు మందుల కంపెనీ మనిషి వచ్చి మక్కజొన్న రైతులందరినీ కూర్చోబెట్టాడు. మక్కను తినే కత్తెర పురుగును ఇంగ్లీషులో ఫాల్ ఆర్మీవార్మ్ అంటారట.

"ఫాల్ అంటే పడిపోవుడు. గీ మిలిటరీ దిగిందంటే చేనంత పడిపోతది. మూడు మందులు కలిపి కొట్టాల్సిందే" అని భయపెట్టాడు. మందులకు పేరు రాయించడానికి బాపు అప్పుడే లేచాడు.

ఆ పురుగు పేరు సంగతి నిన్ననే ఫోన్లో చదివాను. ఉండలేక నేనూ లేచాను.

"తప్పు సార్. ఫాల్ అంటే అమెరికాల ఆకులు రాలే కాలం. గప్పుడు ఎక్కువ కనబడ్తదని గా పేరు పెట్టిన్రు. ఒక చేను తిని, దండు లెక్క ఇంకో చేన్లకు పోతదని ఆర్మీ అన్నరు. మా చేను పడుడు గా పేర్ల లేదు."

అందరూ నవ్వారు. ఆయన ముఖం మాడింది. "ఇంగ్లీషు వస్తె పురుగు సస్తదా అమ్మా?" అన్నాడు.

"సావది. గుడ్లు ఏరి నలిపితె సస్తది."

బాపును చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేశాను. దారిలో ఆయన మెల్లగా అన్నాడు: "పంట పోతె ఊరంత నిన్నే అంటది బిడ్డా."

"అననీ బాపూ."

అన్నానే గానీ, నాకు మాత్రం భయం లేదా? పొద్దుగూకే దాకా ఇద్దరం సాళ్ల వెంట తిరిగి, ఆకుల మీద నూగు కప్పుకున్న గుడ్ల ముద్దలు ఏరి నలిపాం. ఇంకా ఎకరం మిగిలింది. ఒకవేళ చాలకపోతే... ఏమో. తెల్లారగానే పోవాలి. మాట అన్నది నేను, మొదటి సాలు పట్టేదీ నేనే.