ఎడమ చేతి షాట్

మాస్టారూ,

మీరు పోయి నేటికి ఏడాది. మన నర్సీపట్నం బాస్కెట్‌బాల్ కోర్టులో ఇప్పుడు పిల్లలకి నేనే ఆట నేర్పుతున్నాను.

నాతవరం నుంచి ఆటోలో వచ్చే సునీత పోయిన వారం రాష్ట్ర పోటీల ఫైనల్ గెలిపించింది. అంతకుముందు ఆ పిల్లని ఎవరూ ఎరగరు. ఇప్పుడు జంక్షన్లో పెద్ద ఫ్లెక్సీ. "ఈ పిల్ల ఆట నిలబడతాదేటండీ?" అని అందరూ నన్నే అడుగుతున్నారు.

నన్నూ ఒకప్పుడు ఇలాగే ఆకాశానికెత్తారు. మీరు మాత్రం "బాగానే ఆడేవు గానీ, ఎడమ సెయ్యేదమ్మా?" అన్నారు. నలుగురిలో గురి తప్పితే పరువు పోతుందని నేను ఆ చెయ్యి వాడనే లేదు. మరుసటి ఏడు అవతలి జట్లు నన్ను కుడివైపు కదలనివ్వలేదు. అంతటితో నా ఆట అయిపోయింది.

ఈ ఉదయం సునీతతో సెల్ఫీలు దిగడానికి జనం వచ్చారు. వాళ్ల ముందే ఎడమ చేత్తో వెయ్యమన్నాను. ఒక్క బంతీ బుట్టలో పడలేదు.

"ఇదేటి, ఫైనల్ గెలిపించింది ఈ పిల్లేనా?" అని ఎవరో నవ్వారు.

సునీత మొహం కందిపోయింది. పరిగెత్తి బంతి తెచ్చుకుని, మళ్లీ ఎడమ చేత్తోనే వేసింది. అదీ పడలేదు.

నిలబడుతుందో లేదో నాకింకా తెలీదు మాస్టారూ. ఎడమ చేత్తో వేసి తప్పినవాళ్లకే మీరు చప్పట్లు కొట్టేవారు. ఇవాళ అవి నేను కొట్టాను.