బూడిద కలిపిన జొన్నలు

శ్రీలత వదినకు,

సలాడ్‌కు అవే పచ్చజొన్నలు ఇంకో రెండు కిలోలు పంపమన్నావు. లేవు.

మొన్న నువ్వొచ్చినప్పుడు నేను కూలికి పోయాను. అటక మీది కుండ దించి, "గింజల నిండ బూడిదేంది గిట్ల?" అని కడిగి, కుండెడూ ఉడకబెట్టి, దోసకాయ, టమాట కలిపావు. సగం డబ్బాల్లో తీసుకుపోయావు. ఈ ఇంట్లో పుట్టినదానివి, బూడిద కలిపి దాచేది విత్తనమని తెలియదా?

పళ్లెంలో చూడగానే మీ అమ్మ గుర్తుపట్టింది. బిడ్డ ముచ్చటపడి వండిందని నోరు మెదపకుండా తిన్నది. నేను ఊరుకోను. ఆ జొన్న ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేదు.

నిన్న వాన పడింది. మన చేను ఎయిర్‌పోర్టుకు పోగా, దాని గోడ పక్క మిగిలిన అరెకరం దున్ని ఉంది. వచ్చి, అందులో ఏం చల్లాలో మీ అమ్మకు చెప్పిపో.

నీ తమ్ముడి భార్య