సైకిళ్లు కట్టేముందు

ఏమండీ, నేను డ్యూటీకి వెళ్తున్నాను. రాగానే సెలవులకి ఊరు బయల్దేరదాం. డిక్కీలో సామాను సర్దాకే పిల్లల సైకిళ్లు కారు వెనక కట్టండి. పోయినసారి ముందే కట్టేసి, డిక్కీ తెరుచుకోక దారంతా ఆకలితో మాడాం. తిండి లోపల, మనం బయట! పెడళ్లకి పాత తువ్వాలు చుట్టండి. గీతలు పడితే వాళ్లిద్దరి పంచాయితీ మీరే తీర్చాలి.

ఇంకో మాట. చిన్నదానికి సైకిలు తొక్కడం వచ్చేసింది. నిన్న వీధి చివరిదాకా ఒక్కతే తొక్కింది. "నాన్నకి చెప్పకమ్మా. చెప్తే ఇంక సీటు పట్టుకుని నా వెనక పరిగెత్తడు" అంది. సెలవుల్లో తప్ప మీరు దాని చేతికి చిక్కరు మరి. అక్కడికెళ్లాక ఏమీ తెలియనట్టే సీటు పట్టుకోండి.

మర్చిపోయా, మీ బూట్లు గుమ్మం దగ్గర పెట్టాను. అవీ సర్దండి. చెప్పులతో పరిగెత్తలేరు.